మా నాయన తనమీద చెప్పుకున్న సాక్ష్యం

1944 జూన్ నెల, రెండో ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నర. పలమనేరు నుంచి చిత్తూరు పోయే బొగ్గు బస్సు మా పల్లె మలుపులో ఆగి, నీళ్ళు పోయించుకుని, దగ్గుకుంటూ వెళ్ళిపోయింది. యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. పల్లెలో గడియారం లేదు కాబట్టి మాకు ఆ బస్సే గడియారం. అది మలుపు తిరిగాక మా నాయన నిదానంగా నడిచివెళ్ళి, ప్రార్థన కొట్టం ముందు వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద ఇనుప కడ్డీతో గంట కొట్టేవాడు. ఆ రోజూ కొట్టాడు. జనం వచ్చారు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు కూర్చున్నారు. సాక్ష్యం చెప్పవలసినవాళ్ళం ఇద్దరం ముందు చాప మీద కూర్చున్నాము. నాకప్పుడు పద్నాలుగేళ్ళు.

సాక్ష్యం అంటే మా క్రైస్తవుల్లో ఉన్న పద్ధతి. మనిషి అందరి ముందూ నిలబడి తన బ్రతుకు కథ తానే చెప్పుకోవాలి. మునుపు ఎట్లా ఉండేవాణ్ణి, దేవుడు ఏం చేశాడు, ఇప్పుడు ఎట్లా ఉన్నాను. బాప్తిస్మానికి ముందు చెబుతారు, పెద్ద జబ్బు తగ్గితే చెబుతారు. ఆ ఏడు మా ఇద్దరి చేత చెప్పించడానికి కారణం వేరే ఉంది. చిత్తూరులో ఆడపిల్లల బోర్డింగు నడిపే దొరసానమ్మ మా చుట్టుపక్కల పల్లెల నుంచి ఒక్క పిల్లను ఉచితంగా తీసుకుంటానన్నది. నాలుగేళ్ళు తిండి, బట్ట, చదువు, చివర టీచరు ట్రైనింగు. ఆ ఒక్క సీటుకు ఇద్దరం నిలబడ్డాము. మా సాక్ష్యాలు విని ఎంచుకోవడానికి ఆమె ఆ ఆదివారం మా కొట్టానికి వచ్చింది.

రెండు వారాల ముందు నుంచే పాస్టరుగారి భార్య నాకు సాక్ష్యం నేర్పడం మొదలుపెట్టింది. ఆమెను మేము అమ్మగారు అనేవాళ్ళం. మొదటి రోజు నేను చెప్పింది నాకు బాగా గుర్తుంది. నేను 1930లో పుట్టాను. మా నాయన చెరకు కాలంలో బెల్లం వండుతాడు, మిగతా రోజుల్లో కూలికి పోతాడు. 1941 నవంబరులో మా అమ్మ జ్వరంతో చనిపోయింది. తర్వాత మా నాయన అయిదు నెలలు తాగాడు. 1942 ఏప్రిల్‌లో మానేశాడు. నేను అయిదో తరగతి ప్యాసయ్యాను. టీచరు కావాలనుకుంటున్నాను.

అమ్మగారు చేటలో రాళ్ళేరుతున్నది. చెయ్యి ఆపి నన్ను చూసింది.

"ఇది సాక్ష్యమా పాపా, రేషను కార్డా?"

"ఉండేది ఉన్నట్ల సెప్పినా అమ్మగారూ."

"ఉండేదే సెప్పు. కాని వినేవాళ్ళ కడుపులో పడేటట్ల సెప్పల్ల. నీ కథలో చీకటే లేదు. అయిదు నెలలు తాగినాడు, మానేసినాడు. అంతేనా? ఆ అయిదు నెలలూ నువ్వేం తిన్న్యావు? యాడ పండుకున్న్యావు?"

"సంగటి తిన్న్యా. ఇంట్లోనే పండుకున్న్యా."

ఆమె తల కొట్టుకుంది. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఆ రెండో పిల్లకు తల్లీ లేదు, తండ్రీ లేడు, అవ్వ దగ్గర ఉంటున్నది. నాకు తండ్రి ఉన్నాడు. తండ్రి ఉన్న పిల్లకు ఉచితంగా సీటు ఇవ్వరు. "ఉండీ లేనట్లే అయితే ఇస్తారు. దొరసానమ్మ నాతో అట్లే అనింది. అందుకని ఆ తాగుడు కొంచెం గెట్టిగా సెప్పు."

ఇంటికి వచ్చేసరికి మా నాయన గుమ్మం దగ్గర కత్తాళనారతో తాడు పేనుతున్నాడు. ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుని, చేతులతో మెలితిప్పుతూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏమంటుంది అమ్మగారు?"

"నా సాక్ష్యం రేషను కార్డు మాదిరుండాదంట."

ఆయన నవ్వాడు. చాలా సేపు నవ్వాడు. "నా తాగుడు సెప్పినావా?"

"అయిదు నెలలని సెప్పినా."

"అయిదు నెలలేంది మే, సంతలో బేరమాడినట్ల! తాగినాడు అని సెప్పు, సాలు."

"ఎంత తాగినావో అంతే సెప్తా."

"నువ్వు నన్ను కాపాడబాకు. ఎట్లాగూ తాగితి గదా, అదన్నా ఒకదానికి పనికి రానీ."

అప్పుడు నేను తండ్రి ఉన్న పిల్లకు సీటు ఇవ్వరన్న మాట చెప్పాను. ఉండీ లేనట్లే అయితే ఇస్తారన్నది కూడా చెప్పాను. ఆయన చేతిలో తాడు ఆగింది.

"ఉండీ లేనట్ల అనిందా?"

"ఆఁ."

మళ్ళీ పేనడం మొదలుపెట్టాడు. ఆ మాట నేను ఇంటికి మోసుకు రాకపోయి ఉంటే తర్వాత జరిగిందేదీ జరిగేది కాదు. అమ్మగారు చెప్పింది నాకు. ఆయనతో చెప్పమని ఆమె అనలేదు.

ఆ ఆదివారం మొదట ఆ రెండో పిల్ల లేచింది. నాకంటే పొడుగు. కొత్త రవిక ఎవరిదో, చంకల దగ్గర వదులుగా ఉంది. చేతులు కట్టుకుని, "మా అమ్మ లేదు, నాయన లేడు. మా అవ్వ సాకతా ఉండాది. దేవుడు నన్ను సల్లగా సూస్తా ఉండాడు. నాకు సదూకోవాలని ఉండాది" అని, వందనాలు చెప్పేసింది. కింద కూర్చున్న వాళ్ళ అవ్వ, "ఇంకా సెప్పు మే, అంత దూరం నడిసొచ్చింది దీనికేనా?" అన్నది. "అంతే గదవ్వా, ఇంకేముండాది?" అన్నది ఆ పిల్ల. అందరూ నవ్వారు. దొరసానమ్మ కూడా నవ్వింది, కాని మర్యాదగా నవ్వింది. ఆ నవ్వులోనే సీటు ఇటు జరిగిందని నాకు తోచింది. సంతోషించాను.

నేను లేచాను. అమ్మగారు నేర్పినదంతా నోటిలో సిద్ధంగా ఉంది. మా అమ్మ పోయిన సంగతి దాకా బాగానే చెప్పాను. అంతలో మా నాయన కనబడ్డాడు. తలుపు దగ్గర, కడ్డీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తలకు నూనె రాసి దువ్వుకున్నాడు. నా నోట్లో మాట మారిపోయింది. "ఆ తర్వాత మా నాయన కొన్నాళ్ళు, అప్పుడప్పుడు తాగినాడు" అన్నాను. అమ్మగారు చాప మీద సర్దుకుని కూర్చుంది.

దొరసానమ్మ పుస్తకాల తెలుగులో, మెల్లగా అడిగింది: "ఇప్పుడు నీ తండ్రి నిన్ను పోషించుచున్నాడు, అవునా?"

"అవునమ్మా" అన్నాను.

మా నాయన లేచి నిలబడ్డాడు.

"అది అబద్ధం దొరసానమ్మా. పాప నన్ను దాస్తా ఉండాది."

పాస్టరుగారు చెయ్యి ఎత్తి కూర్చోమని సైగ చేశాడు. ఆయన కూర్చోలేదు.

"అప్పుడప్పుడు కాదమ్మా. దినామూ తాగుతా. ఇప్పుడూ తాగుతానే ఉండా, ఎవురికీ తెలీకుండా. దీనమ్మ జొరంతో పడుండాంటే, సెవుల్లో కమ్మలు ఊడబీకి, అమ్మి తాగినాను. దాంతో ఆస్పత్రికి ఆలీసమయ్యి ఆమె పోయింది. నేను సాకేదేముండాది? ఈ బిడ్డకు నేనుండీ లేనట్లే."

ఆడవాళ్ళ వైపు నుంచి "అయ్యో దేవుడా" అన్నారు. ఎవరో చప్పరించారు.

కమ్మల సంగతి నాకు తెలుసు. ఆ రోజు నేను మంచం పక్కనే ఉన్నాను. మా అమ్మ తానే తీసి ఇచ్చింది. ఎడమ చెవిది ఊరికే వచ్చింది. కుడి చెవిది రాకపోతే నేను వేలితో ఆముదం రాశాను. మా నాయన వద్దంటే, "బండి బాడుగకు యాడ తెస్తావు?" అని కోప్పడింది. వాటిని అమ్మిన డబ్బుతోనే చిత్తూరు ఆస్పత్రికి బండి కట్టించాడు. ఆస్పత్రిలో మూడో రోజున ఆమె పోయింది. ఆయన కల్లు ముట్టింది ఆమెను పాతిపెట్టి వచ్చిన తర్వాతనే.

దొరసానమ్మ నా వైపు తిరిగింది. "ఇది సత్యమేనా?"

కొట్టంలో కమ్మల సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆయన నన్ను చూడటం లేదు, చేతిలో కడ్డీని చూసుకుంటున్నాడు. కాదు అనడానికి నాకు కావలసినంత సేపు ఉంది. అందరూ నా కోసం కాచుకునే ఉన్నారు. నేను తల వంచుకుని ఏడ్చాను. ఏడుపు నిజమైనదే. దాన్ని అవునని తీసుకుంటారని నాకు తెలుసు. తీసుకోనిచ్చాను.

సీటు నాకే ఇచ్చారు.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన సంగటి కెలుకుతున్నాడు. "వచ్చిందా?" అన్నాడు. "వచ్చింది" అన్నాను. "అయితే రా, తిను."

"కమ్మల మాట ఎందుకు సెప్పితివి నాయనా?"

"వట్టి తాగుడుకు ఎవురిస్తారు మే సీటు? పల్లెలో అందురూ తాగేవోళ్ళే. ఆ లెక్కన పల్లెలో ఉండే పిల్లకాయలందరికీ ఇయ్యాల."

అని నవ్వించబోయాడు. నేను నవ్వలేదు.

"వచ్చే ఆదివారం లేసి నిజం సెప్పేస్తా."

"సెప్పినావంటే సీటు పాయ. దాంతో నేను దేవుని ముందర నిలబడి అబద్ధం సెప్పినోణ్ణి అవతా. తాగుబోతంటే ఏమీ లేదులే, ఓర్సుకుంటా. అబద్ధాలోడంటే ఆ గంట ఇంకెట్ల కొడ్తును?"

గంట కొట్టే పని పోదనే అనుకున్నాడు పాపం. తరువాతి ఆదివారమే పోయింది. పాస్టరుగారు చెడ్డవాడు కాదు. "నువ్వే అందరి ముందర ఒప్పుకుంటివి గదప్పా, నేనేం సేసేది?" అని బాధపడుతూనే కడ్డీ తీసుకుని వేరేవాళ్ళకు ఇచ్చాడు. ఆయన రెండేళ్ళుగా తాగటం లేదని ఇరుగుపొరుగుకు తెలుసు. అయినా తనమీద తానే చెప్పుకున్న మాటను ఎవరు కాదంటారు? దొంగతనంగా తాగుతున్నాడు కాబోలు అనుకున్నారు.

అన్నిటికంటే కష్టమైంది మా మేనమామ రావడం. మా అమ్మకు తమ్ముడు. పలమనేరు అవతల పశువులు పెట్టుకుని పాలు పోసేవాడు. మా అమ్మ పోయాక కూడా నెలకోసారి వచ్చి, నాకు నెయ్యి ఇచ్చి పోయేవాడు. సంగతి ఆయనకు ఎవరు చేర్చారో తెలియదు. బుధవారం వచ్చాడు. గడప దాటలేదు.

"బావా, నువ్వు సెప్పింది నిజమేనా?"

మా నాయన ఒకసారి లోపలికి చూశాడు. అక్కడ అమ్మగారు కూర్చుని ఉంది, నా బోర్డింగు బట్టలు కుట్టించడానికి కొలతల కోసం వచ్చి. ఆమె వింటుందని ఆయనకూ తెలుసు, లోపల పిండి జల్లిస్తున్న నాకూ తెలుసు.

"నిజం కాదని ఒక్క మాట అను బావా. నువ్వంటే నేను నమ్మతా. ఊరంతా ఇంకోటన్నా నిన్నే నమ్మతా."

"సెప్పిందే గదప్పా. మళ్ళా ఏం సెప్పేది?"

మామ అక్కడే నిలబడి ఉన్నాడు. "మా అక్క సెవులు బోసిగా ఉండాయని శవం మీద సూసినప్పుడే అడగాలనుకుంటి. నోరు రాలేదు" అన్నాడు. తర్వాత వెళ్ళిపోయాడు. నేను జల్లెడ పట్టుకుని లోపలే ఉన్నాను. వెనక తలుపులోంచి పరుగెత్తి ఉంటే చింతతోపు దగ్గర ఆయన్ను అందుకోగలిగేదాన్ని. కొత్త బట్టలకు తీసిన కొలతలు నాకు గుర్తున్నాయి. ఆయన ఎంతసేపు నిలబడ్డాడో గుర్తు లేదు.

ఇంతవరకూ అయితే, చిన్నపిల్లను, భయపడ్డాను అనుకోవచ్చు. బోర్డింగులో చేసింది అట్లా అనుకోవడానికి లేదు.

చిత్తూరు బోర్డింగుకు అప్పుడప్పుడూ బయటి ఊళ్ళ నుంచి పెద్దలు వచ్చేవారు. దొరసానమ్మ నన్ను నిలబెట్టి సాక్ష్యం చెప్పించేది. మొదటిసారి మా నాయన తాగేవాడని మాత్రం చెప్పి ఆపాను. "చెవి కమ్మల సంగతి కూడ చెప్పుము" అన్నది ఆమె, ప్రేమగానే. చెప్పాను. నాలుగేళ్ళలో పదకొండుసార్లు చెప్పాను. చెప్పగా చెప్పగా బాగా చెప్పడం వచ్చింది. ఎక్కడ ఆగితే వినేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారో తెలిసింది. ఆరోసారో ఏడోసారో, మా అమ్మ చెవులకు చేతులు అడ్డం పెట్టుకుని వద్దు వద్దని ఏడ్చినట్టు చెప్పాను. ఆ మాట మా నాయన చెప్పలేదు. చెప్పమని ఎవరూ అడగలేదు. ఆ రోజు వచ్చినవాళ్ళు నాకు ఒక ఊలు శాలువ ఇచ్చి వెళ్ళారు. దాన్ని మూడు చలికాలాలు కప్పుకున్నాను.

మా నాయన మొదటి ఏడు రెండుసార్లు చూడటానికి వచ్చాడు. పిల్లలు గేటు దగ్గర గుంపుగా చేరి, "ఒసే, కమ్మలాయప్ప వచ్చినాడు" అని గుసగుసలాడారు. ఆయన విన్నాడు. నాతో మాత్రం, "ఈడ అన్నం బాగుండాదా? బుగ్గలొచ్చినాయి నీకు" అన్నాడు. రెండోసారి వచ్చినప్పుడు నేనే, "ఈసారి సెలవులకు నేనే వస్తాలే, నువ్వు రాబాకు" అన్నాను. "సరేమే" అన్నాడు. రాలేదు.

1948లో నాకు ఉద్యోగం వచ్చింది. 1949 ఫిబ్రవరిలో, బెల్లం వండే కాలంలోనే, ఆయన పోయాడు. పొయ్యి దగ్గర రొమ్ము నొప్పి అన్నాడట. సమాధి దగ్గర పాస్టరుగారు వాక్యం చెప్పాడు. ఎంతటి తాగుబోతునైనా దేవుడు క్షమిస్తాడని, భార్య చెవి కమ్మలు అమ్ముకున్నవాణ్ణి కూడా తోసిపుచ్చడని చెప్పాడు. ఆయన తెలిసినదే చెప్పాడు. తెలియనిది చెప్పవలసిన మనిషిని నేను. అప్పటికి నాకు సీటు పోతుందన్న భయం లేదు, ఉద్యోగం చేతిలో ఉంది. అయినా నోరు తెరవలేదు. అంతమందిలో నా ముఖం నాకు ముఖ్యమైంది.

ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. మా సంఘంలోని స్త్రీల కూటం వాళ్ళు వచ్చే నెల పెద్దవాళ్ళ చేత జీవిత సాక్ష్యాలు చెప్పిస్తారట. నిర్వహించే అమ్మాయి ఇంటికి వచ్చి, "అమ్మా, మీ నాన్నగారిదీ ఆ కమ్మలదీ తప్పకుండా చెప్పాల. మా అమ్మమ్మ బోర్డింగులో మీరు చెప్పగా వినిందంట, ఇప్పటికీ చెప్పి ఏడుస్తాది" అన్నది. ఇరవై నిమిషాలు ఇచ్చారు.

మూడు రకాలుగా ఆలోచించాను. ఎప్పుడూ చెప్పినట్టే చెప్పడం మొదటిది. అది ఇక నా నోటితో జరగదు. మా నాయన ఊసే ఎత్తకుండా బడి, పిల్లలు, పని గురించి చెప్పి ముగించడం రెండోది. అందులో ఒక్క అబద్ధమూ ఉండదు. కాని పాత కథ అట్లాగే ఊళ్ళో తిరుగుతూ ఉంటుంది. మూడోది, జరిగింది చెప్పడం. కూతురి చదువు కోసం తండ్రి తనమీద తానే నింద వేసుకున్నాడని చెప్పడం. కాగితం మీద పెట్టి ఒకసారి పైకి చదువుకున్నాను. చాలా బాగుంది. వినేవాళ్ళు తప్పకుండా ఏడుస్తారు, మొదటిదానికంటే ఎక్కువగా ఏడుస్తారు. అంత గొప్ప తండ్రికి పుట్టినదాన్నని చివర నన్ను కావలించుకుంటారు. మళ్ళీ నాకే శాలువ.

అందుకని కూటంలో నిలబడి చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. రాసి ఇస్తాను. వాళ్ళు చదువుకోవాలి, నా ముఖం చూడకుండా, నా గొంతు వినకుండా. ఎక్కడ ఆగాలో తెలిసిన గొంతు అది, దాన్ని నేను నమ్మను. రాసినదాంట్లో కూడా ఏడిపించే చోట్లు మిగిలాయేమోనని రెండుసార్లు చూశాను. కొన్ని తీసేశాను. మామ మాటలు తీయలేకపోయాను, అవి ఆయనవి.

పోయినవి ఇవి. మా నాయనకు పన్నెండేళ్ళుగా చేసిన గంట పని, ముందు వరుసలో చోటు, ఒక బావమరిది. నాకు ఒక మేనమామ, ఆయన భార్య, వాళ్ళ ముగ్గురు పిల్లలు. వాళ్ళెవరూ సమాధికి రాలేదు. తర్వాత నేనూ వాళ్ళ గడపకు పోలేదు. 1942 ఏప్రిల్ నుంచి 1949 ఫిబ్రవరి దాకా ఆరేళ్ళ పది నెలలు ఆయన కల్లు ముట్టకుండా ఉన్నది. దాన్ని ఎవరూ నమ్మలేదు. మా అమ్మను చివరి రోజుల్లో భర్త బాగా చూసుకున్నాడన్న మంచిమాట. ఆ పొడుగాటి పిల్లకు నాలుగేళ్ళ చదువు, ఆ చదువు మీద వచ్చే ఉద్యోగం. అది నేను నలభై ఏళ్ళు చేశాను.